మంచు సినిమా చివరి మాట

దగ్గరికి జరగండి తల్లీ, ఇంకా దగ్గరికి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. కొండలు తవ్విన ఎర్రమన్ను మోసుకుని లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోయే రోజుల నాటి మాట. బళ్లారి దగ్గర కూరెకుప్పలో కృపమణి అనే తల్లి ఉండేది. ఆమె వాకిట్లో తెల్లవారేసరికి ఏం కనిపించేదో, దాన్ని ఆమె మూడేళ్లు కడుపులో ఎట్లా దాచుకుందో, చివరికి ఒక సినిమా ఆ గుట్టు ఎట్లా విప్పిందో చెబుతాను. మధ్యలో లేవకుండా వినండి.

ఆ రోజు క్రిస్మస్‌కు ముందురోజు. కృపమణి చీపురు చేతపట్టుకుని తలుపు తీసింది. తీసిందే గానీ చిమ్మలేదు. ముందు నేలను చూసింది.

రాత్రంతా రోడ్డు మీద లారీలు లేపిన దుమ్ము, జల్లెడ పట్టిన పిండిలాగా అరుగు నిండా పరుచుకుని ఉంది. ఆ ఎర్రటి దుమ్ములో బూట్ల గుర్తులు. రోడ్డు వైపు నుంచి వచ్చాయి. గడప దగ్గర రెండూ పక్కపక్కన ఆగాయి, ఎవరో కాసేపు నిలబడి తలుపుకు చెవి ఆనించినట్టు. మళ్లీ వెనక్కి తిరిగిపోయాయి. కుడికాలి మడమ కింద మూడు ఏటవాలు గీతలు. ఆ గీతలు చూడగానే ఆమె వాటి పక్కన గొంతుక్కూర్చుంది, ఎప్పటిలాగే.

ఎందుకంటే ఆ గీతలు ఆమెకు తెలుసు. పెద్దకొడుకు ఎరిక్ బూటు మడమ అరిగిపోతే, చెప్పులు కుట్టే హులిగెప్ప లారీ టైరు ముక్క కోసి అతికించాడు. అతికించేదాకా ఆమె పక్కనే కూర్చుని కబుర్లు చెప్పింది. ఎరిక్ ఖనిజం లారీ నడిపేవాడు. మూడేళ్ల కిందట ఓడరేవుకు పోతూ ఘాటు రోడ్డులో లారీ లోయలో పడింది. మేకులు కొట్టిన పెట్టెలో తెచ్చారు. "తెరవొద్దమ్మా" అన్నారు. ఆమె తెరవలేదు. మూటలో బైబిలు, టిఫిను క్యారియరు, తువ్వాలు వచ్చాయి.

"బూట్లు యాడ?" అని అడిగింది.

"దొరకలేదు కృపా" అన్నాడు భర్త వరప్రసాదం.

ఆ ఒక్క మాట ఆమె లోపల వేరు పట్టింది. ముఖం చూడలేదు. బూట్లు లేవు. బూట్లు లేవంటే వాటిని వేసుకుని ఎటో నడిచిపోయి ఉంటాడు. కొన్నాళ్లకు వాకిట్లో ఈ గుర్తులు మొదలయ్యాయి. ఒక వారం రోజూ ఉండేవి. తర్వాత రెండు వారాలు ఉండేవి కావు. మళ్లీ ఒక వారం. ఎవరితో చెప్పినా పిచ్చి పట్టిందంటారని ఆమె భర్తకు కూడా చెప్పలేదు. ఎవరూ లేవకముందే ఆ గుర్తుల పక్కన తన చెయ్యి ఆనించేది, కాసేపు అట్లాగే ఉంచేది, తర్వాత మెల్లగా చిమ్మేసేది.

"అవ్వా! మన మంచు సినిమా తెలుగులో వస్తాదంట!" లోపలి నుంచి ఆరేళ్ల మనవరాలు షెకైనా ఎగురుకుంటూ వచ్చింది. "టీవీలో చెప్తాండారు. రేపు మధ్యానం మూడు గంటలకంట. వాళ్లంతా తెలుగులో మాట్లాడ్తారంట!"

కృపమణి చీపురు కింద పెట్టేసి, "తెలుగులోనా? నీ తాత ఉండింటే ఏమనేవాడో" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ సినిమా సంగతి చెప్పకపోతే మీకు ముందు జరగబోయేది అర్థం కాదు. వరప్రసాదం మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. దొరలు వచ్చి ఇంగ్లీషులో ప్రసంగం చేస్తే పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తెలుగు చేసి చెప్పేవాడు. ఇరవై ఏళ్ల పైమాటే, వీధిలో మొదటి టీవీ ఆయనే కొన్నాడు. ఢిల్లీ టీవీ వాళ్లు క్రిస్మస్ నాడు ఒక ఇంగ్లీషు సినిమా వేశారు. మంచు కురిసే కొండ ఊరు, ఒక తల్లి, ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు యుద్ధానికి పోతాడు. తల్లి కిటికీలో దీపం పెట్టి ఎదురు చూస్తుంది. వీధి వీధంతా వచ్చి కూర్చుంది, ఒక్కరికీ మాట అర్థం కాలేదు. అప్పుడు వరప్రసాదం లేచి, ప్రసంగానికి నిలబడినట్టే టీవీ పక్కన నిలబడి, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాడు.

మరుసటి ఏడాది ఢిల్లీ వాళ్లు మళ్లీ అదే వేశారు. ఆపైన ఏడాదీ అదే. దేశమంతా ఆ పూట అదే చూస్తోందని వరప్రసాదం గొప్పగా చెప్పేవాడు. చర్చి పిల్లలు సినిమాలో మాదిరి యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ మీద దూది పరిచేవాళ్లు, బళ్లారి ఎండలో పుట్టి మంచు మొహం చూడని పిల్లలు! సినిమాలో తల్లి కుండలో గరిటె తిప్పుతుంటే ఆయన "గసగసాల పాయసం కాస్తాండాది" అని చెప్పాడు. అంతే, ఆ వీధిలో క్రైస్తవుల ఇళ్లలోనూ హిందువుల ఇళ్లలోనూ క్రిస్మస్ అంటే గసగసాల పాయసం, కిటికీలో దీపం. తర్వాత్తర్వాత ఆ సినిమాకు డిస్కు కూడా వచ్చింది. అయినా ఆయన నిలబడాల్సిందే, చెప్పాల్సిందే. చివర మంచులో కోటు వేసుకుని లాంతరు పట్టుకుని ఒకడు ఇంటికి నడిచి వస్తాడు. అక్కడ వరప్రసాదం ఒకసారి దగ్గేవాడు. దగ్గి, మెల్లగా అనేవాడు. "వచ్చినాడు. పెద్దోడు వచ్చినాడు. తల్లి తలుపు తీసింది."

ఎరిక్ పోయాక కూడా మూడు క్రిస్మస్‌లు ఆయన ఆ మాట చెప్పాడు. ఆ మాట వినడానికే కృపమణి ఏడాదంతా బతికేది. ఈ ఏడాది ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో ఆయనా పోయాడు. ఇది ఆయన లేని మొదటి పండుగ.

ఆమె తలుపు తీసిన కాసేపటికి, ఎప్పటిలాగే ఎదురింటి వైపు నుంచి చిన్నకొడుకు సైలస్ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. స్టీలు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, మంచు సినిమా తెలుగులో!" షెకైనా అతని కాళ్లకు చుట్టుకుంది.

సైలస్ ముఖం పాలిపోయింది. పిల్లను పక్కకు జరిపి లోపలికి పోయాడు. కాసేపటికి గోడ మీద ఏదో పీకిన చప్పుడు. కృపమణి పోయి చూస్తే కేబుల్ తీగ చేతిలో చుట్ట చుట్టుకుని ఉన్నాడు.

"ఏంరా, ఏంది చేస్తాండావు?"

"ఈ తూరి సినిమా వద్దు మా. నాన్న పోయి ఏడాది కూడా కాలేదు."

"నాన్న కోసమే చూడాల. ఆయప్ప ఇరవై ఏండ్లు నిలబడి చెప్పినాడు."

"చెప్పేవాడే లేడు గదా. ఇంక ఏం చూస్తావు?"

"టీవీ వాళ్లే చెప్తారంట కదరా!"

"అదే వద్దంటాండా!"

పొయ్యి దగ్గర కోడలు తబితా లేచి వచ్చింది. "ఏమైంది ఈయప్పకు? పండగ పూట అత్తను ఏడిపిస్తావేంది? ఆ తీగ పెట్టి సుమ్నె గమ్మునుండు."

"నీకు తెల్దు, నువ్వు గమ్మునుండు."

"తెల్దు గాబట్టే అడుగుతాండా. చెప్పు మరి!"

సైలస్ తీగను ఇంకో చుట్టు చుట్టాడు. కృపమణి అతని ముందుకొచ్చి నిలబడింది. "నీ అన్న ఆ తలుపు దగ్గరికొచ్చేది ఏడాదికి ఒక్కతూరి. ఆ ఒక్కటీ నాకు లేకుండా చేస్తాండావు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. వాడంటే నీకు అసూయ."

అన్నాక ఆమెకే ఆ మాట చేదుగా తగిలింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

సైలస్ తీగను నేల మీద పడేశాడు. "అవును మా. అసూయే. ఈ ఇంట్లో సచ్చినోనికి తలుపు తెరిసి పెడ్తారు. బతికినోడు వచ్చినా ఎవరూ..." అని సగంలో ఆపేసి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం కొండ మీద గనిలో మందు పేల్చినప్పుడు గోడకున్న ఎరిక్ ఫోటో ఎప్పటిలాగే ఒకసారి కదిలింది. కృపమణి పోయి దాన్ని సరిచేసింది. పక్కనున్న వరప్రసాదం ఫోటో వైపు చూడలేదు.

పండుగ రోజు ఆరాధన అయింది, అన్నాలు అయ్యాయి. రాత్రి డ్యూటీ ఉందని సైలస్ పడుకున్నాడు. రెండున్నరకు కృపమణి పాయసం గిన్నె కొంగు కింద పెట్టుకుని ఎదురింటికి పోయింది. ఎదురింటి ఉరుకుందమ్మ సిరిగేరి ఊరి పిల్ల, ఈ వీధికి కోడలుగా వచ్చిన ఏడు నుంచి మంచు సినిమా తప్పకుండా చూసిన మనిషి.

"రా కృపక్కా! నువ్వు రావేమోనని దిగులు పడ్తాంటి" అంటూ పీట వేసింది. గది నిండా జనం. కిటికీలో దీపం వెలుగుతోంది. ప్రతి ఇంటి నుంచీ పాయసం వచ్చింది. టీవీ పక్కన వరప్రసాదం నిలబడేంత చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ కూర్చోమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కూర్చోలేదంతే.

సినిమా మొదలైంది. మంచులోని మనుషులు నున్నటి తెలుగులో మాట్లాడుతుంటే కృపమణికి ఎవరో తన పెట్టె తెరిచి బట్టలు తిరగేస్తున్నట్టు అనిపించింది.

"వరప్రసాదప్ప చెప్తాండిందే బాగుండె" అని ఉరుకుందమ్మ గొణిగింది.

తల్లి కుండలో గరిటె తిప్పింది. "ఈ పూటకు బంగాళదుంప చారు తప్ప ఇంకేం లేదు నాయనా" అంది.

గది గొల్లుమంది. "ఓయమ్మా! పాయసం కాదంట! ఇరవై ఏండ్ల నుంచి మనం గసగసాలు రుబ్బి రుబ్బి సచ్చినాం గదప్పా!"

కృపమణీ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. పాయసం కాకపోతే, మరి ఇంకేమేం కావు?

పెద్దకొడుకు యుద్ధానికి పోయాడు. అక్కడి నుంచి మాటలు వేరుగా ఉన్నాయి. లోపల నిద్రపోతున్నాడని వరప్రసాదం చెప్పిన చిన్నకొడుకు, నిద్రపోవడం లేదు. అన్నను వెతకడానికి తెల్లవారుజామునే ఇల్లు విడిచాడు. కృపమణి చేతిలో గిన్నె చల్లబడింది. చివరికి మంచులో లాంతరు కనిపించింది. కోటు వేసుకుని ఒకడు నడిచి వస్తున్నాడు. కోటు చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి.

ఆమెకు ఆరేళ్ల సైలస్ గుర్తొచ్చాడు. తండ్రి చొక్కా లాగి, "నాన్నా, కోటు చేతులు అంత పొడుగుండాయేంది? ఆయప్పది కాదా?" అని అడిగాడు. "చలికి చెయ్యి ముడుచుకున్నాడు, సుమ్నె గమ్మున చూడు" అన్నాడు వరప్రసాదం. ఆ రోజు ఆ పొడుగు చేతులు ఆమె కూడా చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

గదిలో ఎవరో దగ్గినట్టు వినిపించింది. టీవీ పక్కన, ఖాళీ చోట్లో. ఆమె తల తిప్పలేదు.

తలుపు తెరుచుకుంది. వచ్చినవాడు నోరు విప్పాడు. "అమ్మా, అన్నయ్య ఇక రాడు. ఈ కోటు అన్నయ్యదే, వేసుకొచ్చింది నేను. నన్ను లోపలికి రానివ్వవా?"

ఉరుకుందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కృపమణి లేచి, ఎవరి కాళ్లు తొక్కుతోందో చూసుకోకుండా బయటికి వచ్చింది.

అరుగు మీద చెప్పుల గుంపులో తన చెప్పుల కోసం వెతికింది. కళ్లు మసక. చేత్తో తడిమింది. మూలనున్న గోనెసంచి జరిగింది. కింద ఒక జత బూట్లు.

కుడిదాన్ని తిప్పి చూసింది. మడమకు టైరు ముక్క, మూడు ఏటవాలు గీతలు. గీతల్లో ఎర్రదుమ్ము, ఈ పొద్దుటిదే. లోపల చెయ్యి పెట్టింది. వేళ్ల దగ్గర గుడ్డ కుక్కి ఉంది. బయటికి లాగితే ఆకుపచ్చ చీర పేలిక, ఆమె పాత చీరదే.

"మా!"

సైలస్ రోడ్డు దాటి పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఒంటి మీద చొక్కా లేకుండా, కాళ్లకు చెప్పులు లేకుండా. బూటు ఆమె ఒళ్లో చూసి అక్కడే నిలబడిపోయాడు. వెనక వాకిట్లోకి వచ్చిన ఉరుకుందమ్మ, "నీ మొగుడే చెప్పొద్దన్నాడక్కా. ఒట్టు పెట్టించుకున్నాడు" అంది.

"కూచోరా" అంది కృపమణి. "దొరకలేదన్నాడే, మీ నాన్న."

"దొరికినాయి మా. నీకు చూపీలేకపోయినాడు. నేను పనికి చేరేటప్పుడు నాకిచ్చినాడు. వాని బూట్లు మూలన పడి మగ్గకూడదు, వేసుకో, మీ అమ్మ కంట పడనీయొద్దు అన్నాడు. ఈడ ఇప్పి పెట్టి చెప్పులేసుకుని వస్తా."

"మరి మన గడప దాకా వచ్చి తిరిగిపోయేది?"

సైలస్ తలొంచుకున్నాడు. "చూసినావా? వంగి చిమ్ముతాండావనుకుంటి."

"మూడేండ్ల నుంచి చూస్తాండా."

అతను వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. తర్వాత నేలను చూస్తూ అన్నాడు. "మొదటి తూరి రాత్రి డ్యూటీ అయినాక వచ్చి తలుపు కొట్టినా మా. 'ఎరికూ' అనుకుంటా ఉరికొచ్చి తీసినావు. నన్ను చూసినాక నీ మొగం... మల్ల నేనెప్పుడూ తలుపు కొట్టలే. వచ్చి నిలబడ్తా. లోపల నీ అలికిడి లేకపోతే తిరిగొచ్చి ఈ అరుగు మీద కూచుంటా. నువ్వు తలుపు తీసినాక వస్తా."

చలికాలం, వానాకాలం, వారం తర్వాత వారం. ఎదురింటి అరుగు మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని తన తలుపు తెరుచుకునేదాకా చూస్తూ కూర్చున్న కొడుకు. ఆ తలుపు తీయగానే గడప ముందు నేల మీద చెయ్యి ఆనించి, ఇంకొకడి కోసం ఏడ్చిన తను.

"సినిమా సంగతి?" అంది చివరికి. "అదీ నీకు తెలుసునా?"

"పోయే ముందు నాన్నే చెప్పినాడు. మొదటి తూరి అన్న ఏడ్చినాడంట, పెద్దోడు సచ్చిపోతాడా అని. పండగ పూట పిల్లోడు ఏడుస్తాడని మార్చి చెప్పినాడు. మల్ల దిద్దుకునేకి కాలేదు. అన్న పోయినాక అసలే కాలేదు. ఆ మాట కాడ దగ్గుతాండె గదా, అది దుమ్ము దగ్గు కాదు మా. ఏడుపు మింగుతాండె. ఇంక నువ్వు నిలబడి నేను చెప్పినట్టే చెప్పు, మార్చొద్దు, మీ అమ్మ తట్టుకోలేదు అన్నాడు. ఇంతలో టీవీ వాళ్లే తెలుగు చేసిరి. నాకేం తోచక తీగ పీకినా."

కృపమణి చేతిలోని పేలికను మడతలు పెట్టింది. మళ్లీ విప్పింది. "నేనేమో అసూయ అంటి."

"అంటే అన్నావులే."

"లేదు, అనకూడదు. అనకూడదురా." అప్పుడు పడింది ఆమె, కొడుకు దుమ్ము పాదాల మీద. మూడేళ్ల నుంచి మేకులు కొట్టిన పెట్టె ముందు ఏడవలేక ఆపుకున్నదంతా అక్కడ ఏడ్చింది. సైలస్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "సాకు మా, ఇంక చాలు" అంటూ తనూ ఏడ్చాడు. లోపల సినిమా ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చూడలేదు. ఉరుకుందమ్మ దీపం చిన్నది చేసి జనాన్ని వెనక తలుపు గుండా పంపేసింది.

మరునాడు తెల్లవారకముందే కృపమణి తలుపు వెనక పీట వేసుకుని కూర్చుంది. లారీల మోత సద్దుమణిగిన చిన్న సందులో బూట్ల చప్పుడు వినిపించింది. అరుగు ఎక్కింది. గడప దగ్గర ఆగింది. ఆమె గుండె పాత అలవాటుగా ఒక పేరు పెదవుల దాకా తెచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఆపింది.

గడియ తీయకముందే, ముఖం చూడకముందే పిలిచింది. "సైలసూ! వచ్చినావా నాయనా? రా, లోపలికి రా."

తలుపు తీస్తే అతను బూట్లతోనే నిలబడి ఉన్నాడు, చిన్నపిల్లాడిలాగా పెదవి కొరుక్కుంటూ. ఆమె అతన్ని పీట మీద కూర్చోబెట్టి, బూట్లు తన చేత్తో విప్పి, ఎరిక్ ఫోటో కింద పక్కపక్కన పెట్టింది. రాత్రికి మళ్లీ వేసుకుపొమ్మంది.

ఆ వీధిలో ఇప్పటికీ క్రిస్మస్ మధ్యాహ్నం మంచు సినిమా వేస్తారు. టీవీకి గొంతు నొక్కేసి, సైలస్ నిలబడి చెబుతాడు. చారు సంగతి తెలిసినా పాయసమనే చెప్పాలని ఉరుకుందమ్మ పట్టు, అట్లాగే చెబుతాడు. చివరి మాట మాత్రం మార్చాడు. "వచ్చింది చిన్నోడు. తల్లి తలుపు తీసింది" అంటాడు. ఆ మాటకు ముందు ఎవరో చిన్నగా దగ్గుతారు. సైలస్ కాదు. ఎవరా అని ఎవరూ తల తిప్పరు.

అంతే తల్లీ. లేవండి, దుమ్ము దులుపుకోండి. ఇంటికి పోయాక మీ పిల్లలను ఇట్లాగే దగ్గర కూర్చోబెట్టుకుని కృపమణి కథ చెప్పండి. పాయసం మరిచిపోయినా ఫర్వాలేదు, మంచు మరిచిపోయినా ఫర్వాలేదు. తలుపు తీయకముందే ఆమె పిలిచిన పేరు మాత్రం మరిచిపోకుండా చెప్పండి.